క్యాష్‌బ్యాక్ కార్డుతో ఇంటి ఖర్చులో నిజంగా ఎంత మిగులుతుంది? బీరంగూడ కుటుంబం లెక్క ఇదీ

బీరంగూడ కమాన్ దగ్గరైనా, బీహెచ్‌ఈఎల్ చౌరస్తాలోనైనా, పటాన్‌చెరు బస్టాండ్ పక్కనైనా క్రెడిట్ కార్డు అమ్మే కుర్రాళ్లు కనిపిస్తూనే ఉంటారు. అందరిదీ ఒకే మాట: "సార్, 5 శాతం క్యాష్‌బ్యాక్". నలభై వేలు ఖర్చు పెట్టే ఇంటికి 5 శాతమంటే నెలకు రెండు వేలు కదా అని వినేవాళ్లు మనసులో లెక్క వేసుకుంటారు. ఆ లెక్క తప్పు. తప్పు ఎక్కడుందో తెలిస్తే కార్డు వల్ల నిజంగా కొంత లాభం ఉంటుంది. తెలియకపోతే బ్యాంకుకే లాభం.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

మీరు కార్డు గీకినప్పుడు దుకాణదారుడు అమ్మకం మొత్తంలో కొంత శాతం బ్యాంకులకు, కార్డు నెట్‌వర్క్‌కు రుసుముగా చెల్లిస్తాడు. అందులోంచి కార్డు ఇచ్చిన బ్యాంకు మీకు కాస్త తిరిగి ఇస్తుంది. అయితే ఆ రుసుము ఒక్కదానితోనే 5 శాతం ఇవ్వడం కష్టం. మిగతాది ఆన్‌లైన్ అమ్మకపు సంస్థల ఒప్పందాల నుంచి, వార్షిక రుసుముల నుంచి, అన్నిటికన్నా ముఖ్యంగా బిల్లు పూర్తిగా కట్టని వాళ్ల వడ్డీ నుంచి వస్తుంది. అంటే నెలనెలా పూర్తిగా కట్టేవాడి క్యాష్‌బ్యాక్‌లో కొంత భాగం కట్టలేనివాడి జేబులోదే. మీరు ఈ ఇద్దరిలో ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఒక ఇంటి లెక్క

పాశమైలారంలో ఉద్యోగం, బీరంగూడలో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలున్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. జీతం 45 వేలు. అద్దె 11 వేలు, స్కూలు ఫీజు నెల సగటున 4 వేలు, కిరాణా సరుకులు 7 వేలు, పాలు కూరగాయలు 5 వేలు, పెట్రోలు 2,500, కరెంటు వెయ్యి, మొబైల్ రీచార్జిలు, ఇంటర్నెట్ కలిపి వెయ్యి, ఆన్‌లైన్‌లో కొనేవి 3 వేలు, చిట్టీ 5 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకు 3 వేలు. మొత్తం 42,500.

ఇందులో అద్దె ఇంటి యజమాని ఖాతాలోకి పోతుంది. చిట్టీ, ఊరికి పంపే డబ్బు కార్డుతో కుదరవు. కూరగాయల బండి దగ్గర కార్డు నడవదు. స్కూలు ఫీజు, కరెంటు, పెట్రోలుకు చాలా క్యాష్‌బ్యాక్ కార్డులు పైసా ఇవ్వవు. చివరికి మిగిలేది ఆన్‌లైన్ కొనుగోళ్లు 3 వేలు, సూపర్ మార్కెట్‌లో తీసుకునే 4 వేల సరుకులు, ఫోను బిల్లుల వెయ్యి. మొదటిదానికి 5 శాతం చొప్పున 150, మిగతా 5 వేలకు 1 శాతం చొప్పున 50. నెలకు 200 రూపాయలు, ఏడాదికి 2,400.

కార్డుకు వార్షిక రుసుము 999 ఉంటే 18 శాతం జీఎస్టీతో కలిపి సుమారు 1,179 పోతుంది. నికరంగా మిగిలేది 1,221 రూపాయలు. ఇంటి మొత్తం ఖర్చులో 200 అంటే అర శాతం కూడా కాదు. అలాగని వద్దనుకోనక్కర్లేదు. ఏడాదికో గ్యాస్ సిలిండర్, దానిపైన కొంత చిల్లర వస్తుంది. కానీ అంతే వస్తుందని తెలిసి తీసుకోవడం వేరు, రెండు వేలు వస్తుందనుకుని తీసుకోవడం వేరు.

ఈ స్థాయి ఖర్చున్న ఇంటికి నా సలహా ఒక్కటే: వార్షిక రుసుము లేని కార్డుతో మొదలుపెట్టండి. ఉదాహరణకు 2018లో వచ్చిన అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు వార్షిక రుసుము లేదు. అలాంటివి ఇంకా ఉన్నాయి. "ఏడాదికి 2 లక్షలు వాడితే ఫీజు మాఫీ" అనే షరతు మాత్రం ఏడాదికి 96 వేలు వాడే ఇంటికి పనికిరాదు. 1,179 మాఫీ కోసం అవసరం లేని సామాను కొనే వాళ్లను చూస్తే జాలేస్తుంది.

5 శాతం ఎక్కడ ఆగిపోతుంది?

బ్యాంకుకు మీరు కొన్న వస్తువు కనిపించదు. దుకాణం ఏ తరగతిలో నమోదైందో ఆ కోడ్ మాత్రమే కనిపిస్తుంది. దాన్నిబట్టే క్యాష్‌బ్యాక్ ఇవ్వాలో వద్దో యంత్రం తేలుస్తుంది. అందుకే పక్కపక్కన ఉన్న రెండు దుకాణాల్లో అవే సరుకులు కొన్నా ఒకచోట డబ్బు వచ్చి, ఇంకోచోట రాకపోవచ్చు. మొదటి నెల స్టేట్‌మెంట్ వచ్చాక ఏ దుకాణానికి వచ్చింది, దేనికి రాలేదు అని ఒకసారి టిక్కు పెట్టుకుంటే చాలు, తర్వాత ఎక్కడ వాడాలో మీకే తెలిసిపోతుంది.

పెట్రోలు సంగతి ప్రత్యేకం. బంకులో కార్డు వాడితే సాధారణంగా 1 శాతం సర్‌చార్జి, దానిమీద జీఎస్టీ పడతాయి. సర్‌చార్జి మాఫీ ఉన్న కార్డుల్లోనూ చాలావాటికి కనీసం 400 లేదా 500 రూపాయలు పోయించుకోవాలన్న షరతు ఉంటుంది. బైకులో 200 పోయించుకుని ఇస్నాపూర్ వైపు డ్యూటీకి వెళ్లేవాళ్లకు ఆ మాఫీ వర్తించదు. మాఫీ వచ్చినా జీఎస్టీ తిరిగి రాదు. బంకులో మామూలు యూపీఐ మేలు.

నెలవారీ పరిమితి ఇంకొకటి. 30 వేల ఫ్రిజ్‌కు 5 శాతమంటే 1,500. కానీ కార్డుకు నెలకు వెయ్యి పరిమితి ఉంటే వెయ్యే వస్తుంది. పండగకు రెండు పెద్ద వస్తువులు కొనాలనుకుంటే ఒకటి స్టేట్‌మెంట్ తేదీకి ముందు, ఇంకొకటి తర్వాత కొంటే రెండు నెలల పరిమితీ వాడుకోవచ్చు. నో కాస్ట్ ఈఎంఐ తీసుకుంటే మాత్రం చాలా కార్డుల్లో క్యాష్‌బ్యాక్ రాదు. ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ భాగంపై జీఎస్టీ మాత్రం పడతాయి. పేరులో ఉన్న 'నో కాస్ట్' అక్కడితో సరి.

దుకాణదారుడు "కార్డైతే 2 శాతం ఎక్స్‌ట్రా" అంటే అక్కడ కార్డు తీయకండి. 1 శాతం కోసం 2 శాతం ఇవ్వడం ఎందుకు? ఎలక్ట్రానిక్స్ షాపుల్లోనైతే ముందు యూపీఐకి చివరి ధర అడిగి, తర్వాత కార్డు ధర అడగండి. తేడా చాలాసార్లు క్యాష్‌బ్యాక్ కన్నా పెద్దదే ఉంటుంది.

కిరాణా కొట్లో క్యూఆర్‌కు కార్డు

రూపే క్రెడిట్ కార్డును యూపీఐ యాప్‌కు కలిపే వీలు 2022 సెప్టెంబరులో వచ్చింది. కార్డు మిషన్ లేని చిన్న కొట్లోనూ క్యూఆర్ స్కాన్ చేసి క్రెడిట్ కార్డుతో కట్టొచ్చు. చిన్న వ్యాపారులకు 2 వేల వరకు రుసుము లేకుండా పెట్టారు కాబట్టి వాళ్లూ అభ్యంతరం చెప్పరు. క్యూఆర్ వ్యాపారి ఖాతాది అయి ఉండాలి. కొట్టాయన సొంత నంబరు క్యూఆర్ పెట్టుకుంటే క్రెడిట్ కార్డు అంగీకరించదు, ఎందుకంటే మనిషి నుంచి మనిషికి పంపడానికి దీన్ని అనుమతించలేదు. యూపీఐ చెల్లింపులకు క్యాష్‌బ్యాక్ ఇస్తారా, ఎంత ఇస్తారు అన్నది కార్డు కార్డుకూ మారుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది: టీ, సమోసా అన్నీ కార్డు మీదే పోతుంటే నెలాఖరున బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

అద్దె, కరెంటు, ఇంటి పన్ను

కార్డుతో అద్దె కట్టి పాయింట్లు సంపాదించే దారి దాదాపు మూసుకుపోయింది. 2025 సెప్టెంబరులో పేమెంట్ అగ్రిగేటర్లకు రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు ఇచ్చాక చాలా యాప్‌లు ఆ సౌకర్యాన్ని ఆపేశాయి.

కరెంటు బిల్లు విషయంలో 2024 జూలై గుర్తుండే ఉంటుంది. ఫోన్‌పే, గూగుల్ పే వంటి యాప్‌లలో కట్టడం ఆగిపోయి, తమ వెబ్‌సైట్ లేదా యాప్‌లోనే కట్టమని టీజీఎస్‌పీడీసీఎల్ ప్రకటించింది. తర్వాత భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థ ద్వారా మళ్లీ దారి తెరుచుకుంది. ఏ దారిలో కట్టినా చివరి తెరపై గేట్‌వే రుసుము ఎంత పడుతోందో చూశాకే నొక్కండి. గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు సున్నా బిల్లు వచ్చే ఇళ్లకు ఈ గొడవే లేదు.

ఇంటి పన్ను కట్టే సొంతింటివారికి మాత్రం నిజమైన 5 శాతం ఒకటుంది. దానికి కార్డే అక్కర్లేదు. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేవారికి ఎర్లీ బర్డ్ పథకం కింద 5 శాతం రాయితీ ఇస్తూ వస్తున్నారు. పన్ను 8 వేలైతే 400 మిగులుతుంది. పైన చెప్పుకున్న కుటుంబానికి కార్డు రెండు నెలల్లో ఇచ్చేది అంతే. మార్చి చివర్లోనే ఆ ఏడాది ప్రకటన చూసుకుని డబ్బు పక్కన పెట్టుకోండి.

ఒక్క నెల తప్పితే

దసరా నెలలో బిల్లు 20 వేలు వచ్చిందనుకోండి. స్టేట్‌మెంట్ మీద 'కనీస చెల్లింపు' అని వెయ్యి కనిపిస్తుంది. అది కట్టేశారు. మిగతా 19 వేల మీద నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 665, దానిపై జీఎస్టీ 120. మొత్తం 785. రెండు నెలలు ఇలా నడిస్తే ఏడాదంతా కూడబెట్టిన 1,221 పోయి, ఇంకా మనమే బాకీ పడతాం. నిజానికి ఇంతకన్నా ఎక్కువే అవుతుంది. వడ్డీని గడువు తేదీ నుంచి కాకుండా కొన్న తేదీ నుంచి లెక్కిస్తారు. పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు. అసలేమీ కట్టకపోతే ఆలస్య రుసుము అదనం.

నెలకు 3.5 శాతమంటే ఏడాదికి 42 శాతం. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే అమ్మో అనేవాళ్లే దీన్ని మామూలుగా తీసుకోవడం వింత. 30 శాతం దాటి వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. ఆ పరిమితి ఇప్పుడు లేదు.

ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే రుసుముతోపాటు మొదటి రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, క్యాష్‌బ్యాక్ రాదు. కొన్ని దుకాణాల్లో కార్డు గీకించుకుని కమీషన్ పట్టుకుని నగదు ఇస్తుంటారు. అది కార్డు నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే కార్డు ఆగిపోతుంది.

గడువు తేదీని జీతం తేదీకి తెచ్చుకోండి

ఈ పారిశ్రామిక ప్రాంతంలో చాలామందికి అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. చాలా ఫ్యాక్టరీల్లో జీతం 7వ తేదీకి, కొన్నిచోట్ల 10కి పడుతుంది. 2025లో రద్దయ్యేదాకా 1936 నాటి వేతన చెల్లింపు చట్టం పెట్టిన గడువులూ అవే ఉండేవి. కార్డు గడువు మాత్రం 3వ తేదీనో 5వ తేదీనో ఉంటుంది. చేతిలో డబ్బు లేక కనీస మొత్తం కట్టి ఊరుకుంటారు. ఇది ఖర్చు ఎక్కువై వచ్చిన బాకీ కాదు, తేదీలు కలవక వచ్చింది.

దీనికి మందు ఉంది. బిల్లింగ్ తేదీల చక్రాన్ని కనీసం ఒకసారైనా మార్చుకునే అవకాశం కార్డుదారుడికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, గడువు 12 నుంచి 15 మధ్య పడేలా మార్చమనండి. తర్వాత ఆటో డెబిట్ పెట్టుకోండి. ఆ ఫారంలో 'మొత్తం బాకీ', 'కనీస చెల్లింపు' అని రెండు గడులుంటాయి. మొదటిదే ఎంచుకోండి.

ఎప్పుడైనా మరిచిపోతే కంగారుపడకండి. గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వేయాలి, క్రెడిట్ బ్యూరోకు బాకీగా తెలపాలి. ఆ మూడు రోజుల్లో కట్టేయండి.

తోటి ఉద్యోగుల కొనుగోళ్లన్నీ మీ కార్డు మీద పెట్టి, డబ్బు తర్వాత తీసుకునే అలవాటుంటే ఒక జాగ్రత్త. ఏడాదిలో కార్డు బిల్లులకు నగదు కాకుండా 10 లక్షలు, లేదా నగదు రూపంలో లక్ష కడితే ఆ సమాచారం బ్యాంకు నుంచి ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది. అడిగితే చూపడానికి ఎవరి డబ్బు ఎంతో రాసి ఉంచుకోవాలి. స్నేహితుడు డబ్బు ఆలస్యం చేస్తే వడ్డీ పడేది మీకే.

కార్డు తీసుకునేముందు, వదిలేటప్పుడు

దరఖాస్తుతోపాటు వడ్డీ, రుసుములు రాసిన ఒక పేజీ వివరాల పత్రం ఇవ్వాలి. అమ్మే కుర్రాడు నోటితో చెప్పిన 'లైఫ్‌టైమ్ ఫ్రీ' అందులో ఉందో లేదో చూడండి. అడగకుండా కార్డు పంపి బిల్లు వేస్తే ఆ బిల్లు రద్దు చేయడమే కాక, దానికి రెట్టింపు మొత్తం మీకు పరిహారంగా ఇవ్వాలి. బాకీ ఏమీ లేని కార్డును మూసేయమని అడిగాక ఏడు పని దినాల్లో మూయాలి. లేదంటే మూసేదాకా రోజుకు 500 చొప్పున మీకు కట్టాలి. ఇవన్నీ 2022 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు.

"మీ రివార్డు పాయింట్లు ఈరోజుతో ముగుస్తాయి, ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేయండి" అని వాట్సాప్‌లో వచ్చేది మోసం. ఏ బ్యాంకూ అలా ఫైలు పంపదు. నొక్కేసి డబ్బు పోతే వెంటనే కార్డు బ్లాక్ చేసి 1930కి ఫోన్ చేయండి.

రావాల్సిన క్యాష్‌బ్యాక్ రాకపోయినా, రుసుము తప్పుగా వేసినా ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. సమాచారం కోసం 14448కు ఫోన్ చేయొచ్చు. స్టేట్‌మెంట్, ఆఫర్ షరతులు కనిపించే స్క్రీన్‌షాట్, బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు నంబరు దగ్గర పెట్టుకోండి.