బహుళ వారసత్వపు తగవు

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో ఒక క్లాస్‌కు మాతృక ఒకటే ఉండాలా, అనేకం ఉండవచ్చా అన్న వాదం పైకి సిద్ధాంత చర్చలా కనిపించినా, దాని పుట్టుక మాత్రం మెమరీలో డేటాను ఏ వరుసలో పేర్చాలన్న ఇంజనీర్ల చిక్కులో ఉంది. కొంత డేటాను, దానిపై పనిచేసే మెథడ్లను ఒకే నిర్వచనం కిందికి తెచ్చే క్లాస్ అనే నిర్మాణం ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ రూపొందించిన సిమ్యులా 67 భాషలో స్థిరపడింది. ఒక క్లాస్ నిర్వచనానికి ముందు మరో క్లాస్ పేరు చేర్చి రాస్తే, ఆ పేరు గల క్లాస్‌లోని డేటా, మెథడ్లు కొత్తదానికి సంక్రమించేవి. తరువాతి తరం దీన్నే వారసత్వం, అంటే ఇన్హెరిటెన్స్, అని పిలిచింది. అయితే అలా ముందు చేర్చడానికి వీలున్న పేరు ఒక్కటే.

మాతృక ఒక్కటే అయినప్పుడు, పిల్ల క్లాస్‌కు చెందిన ఆబ్జెక్ట్ మెమరీలో ముందు మాతృక డేటా, ఆ వెనుక సొంత డేటా అన్న వరుసలో ఒదిగిపోతుంది కనుక, దాని మొదటి చిరునామాను చూపే పాయింటర్ మాతృకగా చూసినప్పుడూ చెల్లుతుంది. మాతృకలు రెండయితే రెండోదాని భాగం నడుమ ఎక్కడో మొదలవుతుంది, ఆబ్జెక్ట్‌ను ఆ మాతృకగా చూడవలసిన ప్రతిసారీ పాయింటర్‌ను అంత దూరం జరపవలసి వస్తుంది. వాడుకలో లేని ఆబ్జెక్ట్‌లను వెతికి మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్‌కు ఇలా నడుమ భాగాన్ని చూపే పాయింటర్లు పెద్ద తలనొప్పి. సిమ్యులాలో బహుళ వారసత్వాన్ని చేర్చకపోవడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి.

అమెరికాలో ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో లిస్ప్ యంత్రాలపై పనిచేసినవారికి ఈ జంకు లేదు. అక్కడ 1979 ప్రాంతంలో హోవార్డ్ కానన్ రూపొందించిన ఫ్లేవర్స్ వ్యవస్థకు పేరే సోమర్‌విల్ పట్టణంలోని స్టీవ్స్ ఐస్‌క్రీమ్ దుకాణం నుంచి వచ్చింది. ఆ దుకాణంలో కోరిన రుచిలో గింజలు, మిఠాయి ముక్కలు కలిపి ఇచ్చినట్టే, ఒక ప్రధాన క్లాస్‌కు చిన్నచిన్న క్లాస్‌లను జోడించుకోవచ్చని దాని భావం. తెరమీది విండోకు అంచు గీసే పని ఒకదానిది, పేరుపట్టీ తగిలించే పని మరొకదానిది. వీటికి మిక్సిన్లని పేరు. రెండు మాతృకలు ఒకే పేరుతో మెథడ్లను అందిస్తే ఏది నెగ్గాలన్న ప్రశ్నకు పూర్వీకులందరినీ ఒకే వరుసలో నిలబెట్టడం ఆ సంప్రదాయపు జవాబు. ఈ వరుసను తీర్చే నియమాల్లో మెరుగైన సీ3 పద్ధతి 1996లో డిలన్ భాష కోసం వెలువడి, 2003లో పైథాన్ 2.3లోకి వచ్చింది, పిల్ల తల్లికంటే ముందుండాలి, తల్లులను రాసిన క్రమం చెడకూడదు అన్న షరతులు రెండూ పొసగకపోతే ఆ క్లాస్‌ను సృష్టించడానికే పైథాన్ నిరాకరిస్తుంది.

తగవు ముదిరింది మాత్రం సీ ప్లస్ ప్లస్ దగ్గర. బెల్ ల్యాబ్స్‌లో ఆ భాషను నిర్మించిన బ్యార్న్ స్ట్రౌస్ట్రప్, సిమ్యులా కోసం ఓస్లోలోనే స్టెయిన్ క్రోగ్‌డాల్ ఆలోచించిన అమరికను ఆధారం చేసుకొని, 1989లో విడుదలైన 2.0 వెర్షన్‌లో బహుళ వారసత్వాన్ని చేర్చారు. దాని మేలూ కీడూ ఒకేచోట చూడదలచినవారికి ఆ భాష సొంత లైబ్రరీలోని ఐఓస్ట్రీమ్ చాలు. చదివే పనికి ఐస్ట్రీమ్, రాసే పనికి ఓస్ట్రీమ్ అనే క్లాస్‌లున్నాయి. రెండింటికీ మాతృక ఐఓఎస్, అందులో ఎక్కడైనా పొరపాటు జరిగిందా అన్న సంగతిని దాచే డేటా ఉంటుంది. రెండు పనులూ చేసే ఐఓస్ట్రీమ్ ఆ రెండింటికీ వారసురాలు. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే దానిలోకి ఐఓఎస్ రెండు ప్రతులుగా వస్తుంది, చదివేటప్పుడు జరిగిన పొరపాటు ఒక ప్రతిలో నమోదైతే రాసే భాగం రెండో ప్రతిని చూసి అంతా సవ్యంగా ఉందనుకుంటుంది. వారసత్వ పటం గీస్తే వజ్రాకృతిలో కనిపించే ఈ చిక్కుకే డైమండ్ ప్రాబ్లమ్ అని పేరు. మాతృకను వర్చువల్ అని ప్రకటిస్తే ప్రతి ఒకటే మిగులుతుంది, కానీ దాన్ని చేరడానికి అదనపు మలుపు తిరగాలి, పైగా దాన్ని సిద్ధం చేసే బాధ్యత వరుసలో చిట్టచివరి క్లాస్ మీద పడుతుంది.

సీ ప్లస్ ప్లస్‌కు బహుళ వారసత్వం అక్కరలేదని, చూపిస్తున్న ఉదాహరణలేవీ దాని అవసరాన్ని నిరూపించడం లేదని 1991లో టామ్ కార్గిల్ వాదించారు. దానికి జిమ్ వాల్డో ఇచ్చిన జవాబు ఈ చరిత్రలో రావలసినంత గుర్తింపు పొందలేదనే చెప్పాలి: డేటాను సంక్రమింపజేయడం వేరు, ఏ మెథడ్లు అందుబాటులో ఉంటాయన్న హామీని సంక్రమింపజేయడం వేరు అని ఆయన విడదీసి చూపారు. హామీ మాత్రమే వచ్చేచోట మెమరీలో పేర్చవలసిందేమీ లేదు కనుక తగవుకు తావే లేదు.

ఒకే మాతృకను అనుమతించే ఆబ్జెక్టివ్-సీ భాషకు నెక్స్ట్ సంస్థ చేర్చిన ప్రోటోకాల్స్ సరిగ్గా ఇలాంటి హామీ పత్రాలు. వాటిలో మెథడ్ల పేర్లే ఉంటాయి, వాటిని నెరవేర్చే కోడ్ ఉండదు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం 1995లో వెలువరించిన జావా ఆ భావాన్నే ఇంటర్‌ఫేస్ పేరుతో తీసుకొని, క్లాస్‌ల బహుళ వారసత్వాన్ని పక్కన పెట్టింది. జావాలో బహుళ వారసత్వం ఎందుకు లేదన్న ఇంటర్వ్యూ ప్రశ్నకు అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో చదువుకున్నవారు డైమండ్ ప్రాబ్లమ్ అని ఠక్కున జవాబు చెప్పగలరు; ఆ జవాబు తప్పు కాకపోయినా, జావా విడిచిపెట్టింది బహుళ వారసత్వంలో ఒక భాగాన్నే అన్నది తరచు మరుగున పడుతుంది.

విడిచిపెట్టినదానిలో కొంత 2014 మార్చిలో జావా 8తో తిరిగి వచ్చింది. కలెక్షన్ అనే ఇంటర్‌ఫేస్‌కు స్ట్రీమ్ అనే కొత్త మెథడ్ చేర్చవలసి వచ్చింది, కానీ హామీ పత్రంలో ఒక్క పద్దు పెరిగినా దాన్ని అమలుచేస్తున్న బయటివారి క్లాస్‌లన్నీ మళ్లీ కంపైల్ చేసినప్పుడు విఫలమవుతాయి. అందుకని ఇంటర్‌ఫేస్‌లోనే డిఫాల్ట్ మెథడ్ రూపంలో కోడ్ రాసే వీలు కల్పించారు, దానితో పాత తగవును తీర్చే నియమాలూ కావలసి వచ్చాయి: క్లాస్‌లో ఉన్న మెథడ్ ఇంటర్‌ఫేస్‌లోనిదాన్ని మించుతుంది; ఇంటర్‌ఫేస్‌ల మధ్య వారసురాలిదే పైచేయి; బంధుత్వం లేని రెండు ఇంటర్‌ఫేస్‌లు ఒకే డిఫాల్ట్ మెథడ్‌ను తెస్తే, ఏది కావాలో ప్రోగ్రామర్ స్వయంగా రాసేవరకు కంపైలర్ ముందుకు సాగదు. 2019లో సీ షార్ప్ 8 కూడా ఇంటర్‌ఫేస్‌లలో ఇలాంటి కోడ్‌కు చోటిచ్చింది. రెండు భాషల్లోనూ ఆబ్జెక్ట్ వారీగా మారే డేటాకు మాత్రం ఇంటర్‌ఫేస్‌లో నేటికీ స్థానం లేదు కాబట్టి, ఐఓఎస్ రెండు ప్రతులుగా చీలినట్టు ఇక్కడ చీలడానికి ఏమీ లేదు.