ఆ కొండ నెత్తికెక్కొద్దు అంటారు, ఎందుకు? టొంగరిరో కథ

‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాల్లో నిప్పులు కక్కే మౌంట్ డూమ్ గుర్తుందా? ఆ కొండ కోసం కెమెరాకి చిక్కిన నిజమైన కొండల్లో ఒకటి న్యూజిలాండ్‌లో ఉంది. పేరు న్గౌరుహోయి. ధాన్యం రాశి పోసినట్టు నున్నగా, కోసుగా ఉంటుంది. దాని పక్కనుంచి ఏటా లక్షమందికి పైగా నడిచి వెళ్తారు. కానీ దయచేసి పైకి మాత్రం ఎక్కొద్దని అక్కడివాళ్లు అడుగుతారు. ఎందుకలా అడుగుతున్నారు? దాని వెనక దాదాపు రెండొందల ఏళ్ల చరిత్ర ఉంది. ఈ రోజు ఎపిసోడ్ అదే.

ముందు ఆ చోటు చూద్దాం. న్యూజిలాండ్ ఉత్తర ద్వీపం నడిబొడ్డున మూడు అగ్నిపర్వతాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. టొంగరిరో 1,967 మీటర్లు, న్గౌరుహోయి 2,287 మీటర్లు, రుఅపేహు 2,797 మీటర్లు. వీటి మధ్య నుంచి దాదాపు 20 కిలోమీటర్ల దారి ఉంది. ‘టొంగరిరో ఆల్పైన్ క్రాసింగ్’ అంటారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అవతల వైపు దిగొచ్చు.

మొదట లోయలో నల్లగా గడ్డకట్టిన లావా రాళ్ల మధ్య నడక. తర్వాత నిట్టనిలువు ఎక్కుడు. ఆ తర్వాత చదునైన మైదానంలాంటి బిలం. అది దాటాక కొండ వెన్నులాంటి సన్నటి రిడ్జ్ మీదుగా 1,886 మీటర్ల ఎత్తుకి చేరతారు. పక్కనే ఎర్రగా కాలిన రెడ్ క్రేటర్. గంధకం వాసన ముక్కుకి కొడుతుంది. అక్కడి నుంచి కాళ్ల కింద జారిపోయే రాళ్ల మీద దిగితే పచ్చల రంగులో చిన్న చిన్న చెరువులు. ఫోటోల్లో మీరు చూసేది వాటినే.

ఇప్పుడు కథలోకి వెళ్దాం. మావోరీ ప్రజల పురాణం ఇలా చెబుతుంది. న్గాటొరోఇరంగి అనే పూజారి టొంగరిరో మీదికి ఎక్కాడు. అక్కడ చలికి ప్రాణం పోయే పరిస్థితి వచ్చింది. సముద్రం అవతల ఉన్న తన అక్కచెల్లెళ్లని నిప్పు పంపమని కేకేశాడు. నిప్పు భూమి కిందుగా వచ్చింది. వకారి ద్వీపం దగ్గర, రోటరువా దగ్గర, టౌపో దగ్గర పైకి తేలుతూ చివరికి ఆ కొండలోంచి బయటపడింది. మ్యాప్ తీసి చూడండి. ఆ పేర్లన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఇవాళ్టి శాస్త్రవేత్తలు టౌపో అగ్నిపర్వత మండలం అని పిలిచేది కూడా ఆ వరసనే. పసిఫిక్ పలక పక్క పలక కిందికి దూరుతుండటం వల్ల అక్కడ లావా పుడుతుంది. కారణం వేరుగా చెప్పినా, నిప్పు దారిని మాత్రం ఆ కథ సరిగ్గానే గుర్తుపెట్టుకుంది.

న్గాటి తుఫారెటొఅ అనే తెగకి ఆ కొండలు పూర్వీకులతో సమానం. మావోరీ పద్ధతిలో మనిషి తల పవిత్రం. అలాగే కొండ తల కూడా. అంటే శిఖరం ఎక్కడమంటే ఇంటి పెద్దాయన నెత్తికెక్కడమే!

1839 మార్చిలో జాన్ బిడ్‌విల్ అనే ఇంగ్లిష్ వృక్షశాస్త్ర ప్రియుడు అక్కడికి వచ్చాడు. తెగ నాయకుడు మనానుయి తె హెఉహెఉ ఆ సమయంలో ఊళ్లో లేడు. వెంట వచ్చిన మావోరీలు శిఖరం ఎక్కలేదు. బిడ్‌విల్ ఒక్కడే న్గౌరుహోయి ఎక్కేశాడు. యూరోపియన్లలో ఎక్కిన మొదటివాడు అతనే. తిరిగొచ్చాక నాయకుడికి తెలిసి మండిపడ్డాడు. చరిత్ర పుస్తకాల్లో ఇది ‘మొదటి అధిరోహణ’. అక్కడివాళ్ల లెక్కలో మాత్రం అడగకుండా చేసిన తప్పు.

1846లో కొండచరియ విరిగిపడి మనానుయి తన ఊరితో సహా మట్టిలో కలిసిపోయాడు. కొన్నేళ్లకి ఆయన అస్థికలని టొంగరిరో మీదికి మోసుకెళ్లారు. కొండ ఉరమడంతో దారిలోనే ఒక చోట ఉంచి దిగివచ్చారని చెబుతారు. ఇక ఆ కొండ ఎంత పవిత్రమైందో మీరే ఊహించుకోండి.

అసలు మలుపు ఆయన కొడుకు హొరొనుకు కాలంలో వచ్చింది. బ్రిటిష్ పాలకులు భూముల కోర్టు పెట్టారు. తెగ మొత్తానికి ఉమ్మడిగా ఉన్న భూమిని పేర్ల మీద హక్కులుగా మార్చడం దాని పని. పేరు పడ్డాక భూమి అమ్ముడుపోవడానికి ఎంతసేపు? 1886లో ఈ కొండల చుట్టూ ఉన్న భూమి కూడా ఆ కోర్టుకి వచ్చింది. రేపు ఎవడో వచ్చి శిఖరాన్ని ముక్కలుగా కొనుక్కుంటే?

అందుకే 1887 సెప్టెంబర్ 23న హొరొనుకు మూడు శిఖరాలనీ బ్రిటిష్ రాణి పేరున రాసిచ్చాడు. దాదాపు 2,600 హెక్టార్లు. మరుసటి ఏడాదే ఆయన చనిపోయాడు. 1894లో పార్కు చట్టం వచ్చింది. న్యూజిలాండ్‌కి అది మొదటి నేషనల్ పార్క్.

చాలాకాలం ఈ కథని ‘మహాదానం’ అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్లు. కానీ 2013లో వైటంగి ట్రిబ్యునల్ తన నివేదికలో వేరే మాట చెప్పింది. ఆయన ఉద్దేశం చేతులు దులుపుకోవడం కాదు. రాణితో కలిసి కాపాడదామని పిలవడం. ప్రభుత్వం మాత్రం దాన్ని తనకొచ్చిన ఆస్తిలా చూసింది. ఇల్లు కాపాడమని తాళం చేతికిస్తే, ఇల్లే మాదన్నట్టు.

మధ్యలో ఇంకొకటి జరిగింది. 1990లో ఈ పార్కుకి ప్రకృతి విలువల వల్ల ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. 1993లో, కొండకీ మనుషులకీ ఉన్న బంధం వల్ల మళ్లీ వచ్చింది. ‘సాంస్కృతిక భూదృశ్యం’ కింద ప్రపంచంలో మొదట చేర్చిన చోటు ఇదే.

భక్తి సంగతి పక్కన పెట్టినా, ఆ కొండలకి ఒళ్లంతా నిప్పే. 1953 డిసెంబర్ 24 రాత్రి రుఅపేహు బిలంలోని చెరువు కట్ట తెగింది. బురద వరద రైలు వంతెనని కొట్టేసింది. టంగివై దగ్గర 151 మంది చనిపోయారు. 2012 ఆగస్టులో ఓ రాత్రి టొంగరిరో పేలింది. ఎగిరిపడ్డ రాళ్లు దారి పక్కనున్న గుడిసె పైకప్పుని చీల్చాయి. అదే ఏడాది నవంబర్‌లో పట్టపగలు, దారిలో జనం ఉండగానే మళ్లీ పేలింది. అదృష్టం, రెండుసార్లూ ప్రాణనష్టం లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. శిఖరం ఎక్కితే జైల్లో వేయరు. అది చట్టం కాదు, విన్నపం. చెరువు నీళ్లు ముట్టుకోవద్దన్నదీ అంతే. అందుకే అది మనకి పరీక్ష. ఫైన్ ఉంటే ఎవరైనా ఆగుతారు. ఫైన్ లేనప్పుడు ఆగడమే మర్యాద.

ఒకటి ఆలోచించండి. హొరొనుకు ఆ రోజు సంతకం పెట్టకపోతే ఇవాళ ఆ రిడ్జ్ మీద మనం నడిచేవాళ్లమా? ఏదో ఒక కంచె అడ్డుపడేదేమో. నడక ఆయన మనకిచ్చింది. బదులుగా ఆయన మనవలు అడిగేది ఒక్కటే, ఆ చివరి నాలుగడుగులు వదిలేయమని. మీలో ఎవరైనా ఆక్లాండ్‌లోనో వెల్లింగ్టన్‌లోనో ఉండి ఆ దారిన నడిస్తే, రెడ్ క్రేటర్ దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆ కోసు కొండని కింది నుంచే చూడండి.

మీరైతే ఏం చేసేవాళ్లు? కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. నమస్తే.