బేగంపేటలో బయటపడ్డ దోమ గుట్టు

మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందని తొలిసారి తేలిన చోటు సికింద్రాబాద్. 1897 ఆగస్టు 20న బేగంపేటలోని సైనిక ఆస్పత్రిలో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు ఈ సంగతి కనిపెట్టాడు. ఆయన 1857లో అల్మోరాలో పుట్టాడు.

అప్పటిదాకా చలిజ్వరానికి చిత్తడి నేలల చెడుగాలే కారణమని ఎక్కువమంది నమ్మేవారు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తంలో క్రిమిని చూశాడు. అది మనిషిలోకి ఎలా చేరుతుందో మాత్రం తెలియలేదు. దోమల పాత్ర ఉందని లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఊహించాడు. అయితే దోమలు చచ్చిపడిన నీళ్లు తాగితే జబ్బు వస్తుందని ఆయన అనుకున్నాడు. కాటుతో జబ్బు సోకుతుందని ఆయనకు తట్టలేదు.

1895లో సికింద్రాబాద్ వచ్చిన రాస్ మొదట బూడిదరంగు దోమల్నీ చారల దోమల్నీ కోసి చూశాడు. ఏమీ దొరకలేదు. మనుషుల మలేరియాను ఆ జాతులు మోయవని అప్పటికి ఎవరికీ తెలియదు. ఎండలు మండుతున్నా పంకా వేసుకునే వీలు లేదు, గాలికి దోమ ముక్కలు ఎగిరిపోతాయి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి.

1897 ఆగస్టులో సహాయకులు తెచ్చిన లార్వాల నుంచి రెక్కల మీద మచ్చలున్న దోమలు పుట్టాయి. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి వాటిని వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇస్తామన్నారు. పది దోమలు కుట్టాయి.

నాలుగో రోజున ఒక దోమ జీర్ణాశయం గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లని రేణువులున్నాయి, రోగి రక్తంలోని మలేరియా క్రిమిలో కనిపించే రేణువుల్లాగే. మర్నాడు కోసిన దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. ఈ తేడాయే అసలు ఆధారం. రోజు గడిచేసరికి పెరిగాయంటే అవి దోమ శరీర భాగాలు కావు, అందులో బతుకుతున్న క్రిములు. ఆ సంబరంలో రాస్ ఒక కవిత రాసి భార్యకు పంపాడు.

కొద్దివారాలకే ఆయన్ను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. పని సగంలో ఆగింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాను తీసుకుని, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో వ్యాపిస్తుందని నిరూపించాడు. అక్కడ మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడి శ్రమ చాలా ఉంది. మనుషుల మలేరియా విషయంలో ఈ నిరూపణను ఇటలీలో గ్రాస్సీ అనే శాస్త్రవేత్త బృందం పూర్తిచేసింది. ఘనత ఎవరిదన్న దానిపై రాస్, గ్రాస్సీల మధ్య పెద్ద తగవే నడిచింది. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు దక్కింది.

బేగంపేటలోని ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో, రాస్ పేరిట ఉన్న సంస్థగా ఉంది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. ఆ రోజు బడిలో పిల్లలకు ఈ కథ చెప్పేవారు రాస్‌తో పాటు, జ్వరంతో దోమతెరలో పడుకున్న హుస్సేన్ ఖాన్ పేరూ చెప్పాలి.