మొదటి క్రెడిట్ కార్డు, రుణ చరిత్ర

అప్పటిదాకా ఏ బ్యాంకులోనూ అప్పు తీసుకోని వ్యక్తికి రుణ చరిత్ర చాలాసార్లు మొదటి క్రెడిట్ కార్డుతోనే మొదలవుతుంది. డెబిట్ కార్డుతో ఖర్చుపెట్టేది ఖాతాలోని సొంత సొమ్ము, క్రెడిట్ కార్డుతో ఖర్చుపెట్టేది బ్యాంకు సొమ్ము. గడువులోగా బిల్లు మొత్తం కడితే కొనుగోళ్లపై వడ్డీ పడదు. కట్టిన తీరు, కట్టని తీరు రెండూ క్రెడిట్ సమాచార సంస్థల దగ్గర నమోదై, 300 నుంచి 900 మధ్య ఉండే స్కోరుగా మారతాయి. ఇంటి రుణానికో కారు రుణానికో వెళ్లినప్పుడు బ్యాంకులు ముందుగా చూసేవాటిలో ఈ స్కోరు ఒకటి.

నేపథ్యం

భారతదేశంలో క్రెడిట్ కార్డులు 1980ల మొదట్లో వచ్చాయి. తొలితరం కార్డులు ఇచ్చిన బ్యాంకుల్లో ఆంధ్రా బ్యాంకు ఒకటి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఈ బ్యాంకు 1981లో కార్డు తెచ్చింది. 2020 ఏప్రిల్ 1న ఇది యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది.

అప్పు తీసుకున్నవారి వివరాలను బ్యాంకులన్నీ ఒకచోట చూసుకునే ఏర్పాటు 2000లో సిబిల్ స్థాపనతో మొదలైంది. ఈ సంస్థలకు చట్టబద్ధమైన చట్రాన్ని 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల నియంత్రణ చట్టం ఏర్పరచింది. ప్రస్తుతం ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలు రిజర్వు బ్యాంకు అనుమతితో పనిచేస్తున్నాయి. వాడుకలో అందరూ ‘సిబిల్ స్కోరు’ అనే అంటున్నా, ఒకే మనిషికి నాలుగు చోట్ల నాలుగు రకాల స్కోర్లు ఉండవచ్చు.

స్కోరును నిర్ణయించే అంశాలు

అన్నిటికన్నా బరువైనది సకాలంలో చెల్లించడం. సిబిల్ రిపోర్టులో ప్రతి ఖాతా కింద గరిష్ఠంగా 36 నెలల చెల్లింపు వివరాలు నెలవారీ గడుల్లో కనిపిస్తాయి. గడిలో ‘000’ ఉంటే ఆ నెల బాకీ ఆలస్యం కాలేదని, ‘030’ ఉంటే చెల్లింపు 30 రోజులు వెనకబడిందని అర్థం.

రెండోది పరిమితిలో ఎంత వాడుతున్నారన్నది. ఇది 30 శాతం దాటకపోతే మేలన్నది వాడుకలో ఉన్న కొలమానం మాత్రమే, నిబంధన కాదు. రూ. 50,000 పరిమితి ఉన్న కార్డుపై బిల్లు రూ. 15,000 లోపు ఉంటే ఈ లెక్కకు సరిపోతుంది. ఖాతాల వయసు, రుణాల రకాలు, ఇటీవల పెట్టుకున్న దరఖాస్తుల సంఖ్య కూడా లెక్కకు వస్తాయి. ఒకే నెలలో నాలుగైదు బ్యాంకులకు దరఖాస్తు చేస్తే, అప్పు కోసం ఆత్రపడుతున్నట్టు రిపోర్టులో కనిపిస్తుంది. తన స్కోరును తాను చూసుకుంటే మాత్రం అది తగ్గదు.

ఎప్పుడూ అప్పు చేయనివారికి మంచి స్కోరు ఉంటుందనుకోవడం అపోహ. వారికి అసలు స్కోరే ఉండదు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలి దరఖాస్తుదారులను తిరస్కరించవద్దని రిజర్వు బ్యాంకు రుణ సంస్థలకు సూచించింది.

కార్డు ఎంపిక

జీతం జమయ్యే బ్యాంకులో దరఖాస్తు చేయడం సులువైన దారి. రాబడి వివరాలు అప్పటికే ఆ బ్యాంకు దగ్గర ఉంటాయి. స్థిరమైన జీతం లేని విద్యార్థులు, గృహిణులు, చిన్న వ్యాపారులు ఫిక్స్‌డ్ డిపాజిట్‌పై ఇచ్చే కార్డు తీసుకోవచ్చు. డిపాజిట్‌లో కొంత శాతాన్ని పరిమితిగా ఇస్తారు, డిపాజిట్‌పై వడ్డీ యథాప్రకారం వస్తుంది. చెల్లింపుల నమోదు మామూలు కార్డులాగే జరుగుతుంది. కుటుంబంలో ఒకరి కార్డుపై తీసుకునే యాడ్ ఆన్ కార్డు బాకీకి బాధ్యత అసలు కార్డుదారుదే. అందువల్ల సొంత చరిత్ర కావాలనుకునేవారికి అది సరైన దారి కాదు.

మొదటి కార్డు విషయంలో రివార్డు పాయింట్లు, విమానాశ్రయ లాంజ్‌ల కంటే వార్షిక రుసుము, నెలసరి వడ్డీ రేటు, ఆలస్య రుసుము, విదేశీ లావాదేవీలపై అదనపు రుసుము చూడాలి. ‘జీవితాంతం ఉచితం’ అన్న కార్డుకు కూడా వడ్డీ, ఆలస్య రుసుము ఉంటాయి. రూపే క్రెడిట్ కార్డును 2022 నుంచి యూపీఐకి జతచేసుకునే వీలుంది. కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినా ఖర్చు కార్డు బిల్లులోకే వెళుతుంది కాబట్టి చిల్లర ఖర్చులపైనా కన్నేసి ఉంచాలి.

బిల్లు, గడువు, వడ్డీ

ఒక కార్డుకు ప్రతి నెలా 5న బిల్లు తయారై, 25 గడువు తేదీ అనుకుందాం. జూన్ 6న కొన్న వస్తువు జులై 5 బిల్లులో చేరుతుంది. దాన్ని జులై 25 లోగా కట్టాలి, అంటే 49 రోజుల వెసులుబాటు. అదే జులై 4న కొంటే 21 రోజులే మిగులుతాయి. ముందు బిల్లు పూర్తిగా కట్టినవారికే ఈ వెసులుబాటు. పాత బాకీలో కొంత మిగిల్చితే కొత్త కొనుగోళ్లపై కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

బిల్లులో కనిపించే ‘కనీస చెల్లింపు’ సాధారణంగా బాకీలో 5 శాతం దగ్గర ఉంటుంది. రూ. 20,000 బిల్లుకు రూ. 1,000 కట్టి ఊరుకుంటే, మిగిలిన రూ. 19,000పై నెలకు 3.5 శాతం చొప్పున రూ. 665 వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి ఇంచుమించు రూ. 785 అవుతుంది. కట్టిన వెయ్యిలో అసలుకు చేరేది రెండు వందల పైచిలుకే. కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము తప్పుతుంది తప్ప అప్పు తీరదు. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా రుసుము.

నెలకు 3.5 శాతమంటే ఏడాదికి 42 శాతం. 30 శాతం మించి వసూలు చేయడం అనుచితమంటూ జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

స్కోరును దెబ్బతీసేవి

బాకీలో కొంత తగ్గించి ‘సెటిల్‌మెంట్’ చేసుకుంటే అప్పటికి ఊరట దక్కినా, రిపోర్టులో ఆ మాట నిలిచిపోయి తర్వాతి రుణాలకు అడ్డొస్తుంది. స్నేహితుల కోసం కార్డు గీకి వారు కట్టకపోయినా, రిపోర్టుకెక్కేది కార్డుదారు పేరే. గడువు మరచిపోయే అలవాటున్నవారు పూర్తి బిల్లు ఖాతా నుంచి దానంతటదే చెల్లయ్యేలా ఆటో డెబిట్ పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా పాత కార్డును రుసుము భారం లేనప్పుడు ఉంచుకుంటే చరిత్ర వయసు పెరుగుతుంది.

కార్డుదారు హక్కులు

రిజర్వు బ్యాంకు 2022లో జారీచేసిన ఆదేశాల ప్రకారం అడగకుండా కార్డు పంపకూడదు. 30 రోజుల్లో కార్డును వాడుకలోకి తేకపోతే ఓటీపీతో సమ్మతి తీసుకోవాలి, సమ్మతి రాకపోతే రుసుము లేకుండా మూసేయాలి. బాకీ లేని కార్డును మూసేయమని కోరితే ఏడు పనిదినాల్లో మూయాలి, లేదంటే రోజుకు రూ. 500 చెల్లించాలి. గడువు దాటి మూడు రోజులు మించితేనే బాకీని ఆలస్యంగా నమోదు చేయాలి.

నాలుగు సంస్థల్లో ఒక్కోదాని నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితం. తీసుకోని అప్పు, కట్టేసినా కట్టనట్టున్న బాకీ కనిపిస్తే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు రూ. 100 పరిహారం ఇవ్వాలి.

విదేశాలకు వెళ్లే విద్యార్థులు

అమెరికాకు చదువుకోవడానికి వెళ్లే తెలుగు విద్యార్థులకు ఇక్కడి స్కోరు సాధారణంగా అక్కడ పనికిరాదు. అక్కడి ఫికో స్కోరు 300 నుంచి 850 దాకా ఉంటుంది. అది రావాలంటే కనీసం ఆరు నెలల వయసున్న రుణ ఖాతా ఒకటి ఉండాలి. డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డుతో చాలామంది అక్కడ మొదలుపెడతారు. ఇక్కడ వదిలి వెళ్లిన బాకీ మాత్రం చెరిగిపోదు. అందుకే ప్రయాణానికి ముందే కార్డు బాకీ మొత్తం తీర్చి, ఇక వాడబోని కార్డును మూయించి, బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి.