విజిట్ వీసా మీద పోయినామె

శాలిబండ గడియారం వెనక గల్లీలో కథ ఇది. నిజానికి ఒక్క ఇంటిది కాదు. పాతబస్తీలో ఎన్నో ఇళ్లలో జరిగినదాన్ని ఒక్క ఇంటిదిగా రాస్తున్నాను. పేర్లు అందుకే లేవు.

ఇంటాయనది కిరాయి ఆటో. ఆమె లక్కగాజులకు రాళ్లు అద్దుతుంది. పెద్దపిల్ల ఇంటర్. రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నాయి గనుక పొయ్యి వెలుగుతోంది. కానీ అప్పిచ్చిన ఫైనాన్స్ వాడు బియ్యం తీసుకోడు కదా!

మగ్రిబ్ నమాజు అయ్యాక ఏజెంటు వచ్చాడు.

"సర్కారు దారిలో పోతే కాగితాలే తెమలవు బాజీ. విజిట్ వీసా అయితే వారం. దుబాయ్‌ల దిగు, మా మనిషి ఉంటడు."

"నెలకెంత?"

"పాతికవేలు. తిండి వాళ్లదే."

"పోవద్దమ్మీ," అంది కూతురు.

"నీ ఫీజు ఎవరు కడ్తరే?"

ఏజెంటు మింగేసిన ముక్క ఒకటుంది. పదో తరగతి పాసుకాని ఆడమనిషి గల్ఫ్‌లో ఇంటిపనికి పోవాలంటే ముప్పై ఏళ్లు నిండాలి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. 2016 నుంచి టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే పోవాలి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా: రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు. విజిట్ వీసా మీద పోతే ఆమె టూరిస్టు. టూరిస్టుకు బీమా ఎవరు అడుగుతారు?

దుబాయ్ నుంచి కారులో మస్కట్. పాస్‌పోర్టు కఫీల్ (పనికి పెట్టుకున్న యజమాని) బీరువాలో పడింది. మూడంతస్తుల ఇల్లు, ఎనిమిదిమంది పిల్లలు. రెండు నెలలు జీతం ముట్టింది, తర్వాత ఆగింది. ఓ రాత్రి బాత్‌రూములోంచి ఫోను.

"చెయ్యి కాలింది. పంపియ్యమంటే, నిన్ను తెచ్చిన డబ్బు కట్టి పో అంటున్నడు."

"లొకేషన్ పెట్టమ్మీ. పెట్టి డిలీట్ చెయ్యి."

కూతురు ఆ రాత్రే విదేశాంగశాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు ఎక్కించింది. తల్లి ఓ తెల్లవారుజామున చెత్తసంచి పారేసే వంకతో గేటు దాటి, టాక్సీలో మన రాయబార కార్యాలయం చేరింది. తిరుగు టికెట్టు కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఇచ్చింది. 2009లో పెట్టిన ఆ నిధి లేకపోతే ఆమె ఇంకా అక్కడే ఉండేది.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024లో జీవో తెచ్చింది. ఇవ్వాల్సిందే. కానీ అది చావుకిచ్చే డబ్బు. జీతం ముట్టక, కాలిన చేత్తో శంషాబాద్‌లో దిగినామె ఆ లెక్కలోకి రాదు.

అప్పు మాత్రం అట్లాగే ఉంది, మిత్తితో కలిపి.

"మళ్లీ పోతవా?"

"పోకుంటే తీరుతదా? ఈసారి సర్కారు దారిలో పోత. ఆ టామ్‌కామ్ ఏడుందట?"

కూతురు ఫోనులో వెతికింది. "మల్లేపల్లి ఐటీఐల."

గోడకానుకుని కూర్చున్న భర్త తలెత్తాడు.

"మల్లేపల్లా? రోజూ సవారీ దింపుత గదా ఆడ!"