పాత ర్యామ్ గేముకి అడ్డమా? – ఒక చిన్న చరిత్ర

మేడ్చల్, కండ్లకోయ, శామీర్‌పేట చుట్టూ ఎన్ని ఇంజనీరింగు కాలేజీలు, ఎన్ని హాస్టళ్ళు ఉన్నాయో ఆ దారిన తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడి కుర్రాళ్ళు నన్ను అడిగే ప్రశ్నల్లో మొదటిది ఉద్యోగం గురించి, రెండోది ర్యామ్ గురించి :). "అన్నా, నాది ఇంకా డీడీఆర్4. గేములు ఆగి ఆగి నడిచేది అందుకేనా? డీడీఆర్5కి మారిపోవాలా?"

అడగడం తేలికే, మారడమే కష్టం. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 స్టిక్కు అసలు కూర్చోదు. బోర్డు మార్చాలి, చాలాసార్లు ప్రాసెసరు కూడా మార్చాలి. అంటే ఒక్క ముక్క కోసం సగం కంప్యూటరు కొత్తది కొనాలన్నమాట. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. హైదరాబాదులో 2019లో పెద్ద కేంద్రం తెరిచిన మైక్రాన్ కంపెనీ, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి తప్పు జవాబు చెప్తే ఇంట్లోవాళ్ళ డబ్బు వేలల్లో పోతుంది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ర్యామ్ ఎప్పటిది అన్నది సరైన ప్రశ్న కాదు. ఎందుక్కాదో తెలియాలంటే కొంచెం చరిత్ర తవ్వాలి.

ముందు ఒక పోలిక. శామీర్‌పేట చెరువునే తీసుకోండి. చెరువులో ఎన్ని నీళ్ళు పడతాయన్నది ఒక సంగతి. తూము ఎంత వెడల్పన్నది ఇంకో సంగతి. తూము ఎత్తాక మొదటి నీళ్ళు మడికి చేరడానికి ఎంతసేపన్నది మూడో సంగతి. ర్యామ్‌లో కూడా ఇవే మూడు: ఎన్ని జీబీలు (కెపాసిటీ), సెకనుకి ఎన్ని జీబీలు పంపగలదు (బ్యాండ్‌విడ్త్), అడిగాక మొదటి ముక్క రావడానికి ఎంతసేపు (లేటెన్సీ). డీడీఆర్ పక్కన అంకె పెరిగినప్పుడల్లా ఈ మూడూ కలిసి పెరిగాయని అనుకుంటారు చాలామంది. అలా జరగలేదు.

మన వైపు నుంచే మొదలెడదాం. ఈసీఐఎల్ 1967లో ఏర్పడింది. కుషాయిగూడ పక్కనున్న ఆ ప్రాంతం 2016 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకే వస్తుంది. మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ-12 (1969) ఈ సంస్థ పేరుతోనే వచ్చింది. దాని మెమరీలో చిప్పులు లేవు, ఫెరైట్ కోర్లు ఉండేవి. సన్నటి తీగలకి గుచ్చిన బుల్లి అయస్కాంతపు రింగులు, ఒక్కో రింగుకి ఒక్క బిట్టు. చదివితే చెరిగిపోతుంది, అందుకని చదివిన ప్రతిసారీ మళ్ళీ రాయాలి. ఆ తరం మెషీన్లలో ఈ తతంగానికి మైక్రోసెకను అటూఇటూగా పట్టేది. అప్పటి ప్రాసెసర్లు కూడా ఆ వేగానివే కాబట్టి జోడీ కుదిరింది.

ఇప్పుడు మనం వాడే డీ-ర్యామ్‌కి 1968లో ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్ పేటెంటు వచ్చింది. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు, అంతే. 1970లో ఇంటెల్ 1103 అనే 1 కిలోబిట్ చిప్పుతో కోర్ మెమరీ రోజులు దగ్గరపడ్డాయి. చవక, చిన్నది. కానీ ఆ కెపాసిటర్లోంచి ఛార్జి కారిపోతూ ఉంటుంది, ఎప్పటికప్పుడు నింపుతూ ఉండాలి. ఆ కాస్త ఛార్జిని గుర్తుపట్టి చదవడానికి పట్టే టైము మాత్రం పెద్దగా తగ్గలేదు. మన కథకి అసలు కీలకం ఇదే.

ప్రాసెసర్లేమో పరుగందుకున్నాయి. 1989లో 486 వచ్చేసరికి ఇంటెల్ 8 కేబీల కాష్‌ని చిప్పులోనే పెట్టాల్సొచ్చింది. మన పోలికలో చెప్పాలంటే కాష్ అంటే పొలం పక్కనే తవ్వుకున్న బావి. 1995లో ఉల్ఫ్, మెక్‌కీ అనే ఇద్దరు 'మెమరీ గోడ' గురించి ఒక చిన్న పేపరు రాశారు. ప్రాసెసరు ఎంత వేగంగా పెరిగినా చివరికి మెమరీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుందని దాని సారాంశం.

లెక్క మీరే వేసి చూడండి. ర్యామ్ మీద సీఎల్ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని 2000తో గుణించి, డీడీఆర్ వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 2000ల మొదట్లో వాడిన డీడీఆర్-400, సీఎల్ 3 అయితే 15. డీడీఆర్3-1600, సీఎల్ 9 అయితే 11.25. డీడీఆర్4-3200, సీఎల్ 16 అయితే 10. డీడీఆర్5-6000, సీఎల్ 30 అయితే... మళ్ళీ 10! ఒక్కో ఛానెల్‌కి బ్యాండ్‌విడ్త్ మాత్రం 3.2 జీబీ నుంచి 48 జీబీకి, అంటే 15 రెట్లు పెరిగింది. తూము వెడల్పయ్యింది గానీ మడి దగ్గర నిలబడ్డ రైతు ఎదురుచూసే టైము దాదాపు అంతే ఉంది.

మరి అప్పట్లో ర్యామ్ మారిస్తే గేములు నిజంగానే పరిగెత్తేవి కదా? పరిగెత్తేవి. కారణం చెరువు సైజు. వైస్ సిటీ (పీసీలో 2003) కనీసం 128 ఎంబీ అడిగింది. శాన్ ఆండ్రియాస్ (2005) 256 ఎంబీ అడిగింది. జీటీఏ 5 (పీసీలో 2015) 4 జీబీ అడిగింది. 12 ఏళ్ళలో 32 రెట్లు. చోటు చాలకపోతే చెరువు అలుగు పారినట్టు సరుకంతా హార్డ్‌డిస్కు మీదకి పోతుంది. నానోసెకన్లలో అయ్యే పని మిల్లీసెకన్లకి పడుతుంది. గేము తటపటాయించేది అక్కడే. అప్పుడు బాగుపడింది చోటు వల్ల, కొత్తదనం వల్ల కాదు.

కొత్తదైనంత మాత్రాన మేలు కాదనడానికి సాక్ష్యం కూడా ఉంది. 2000లో ఇంటెల్ పెంటియం 4ని రాంబస్ వాళ్ళ ఆర్‌డీ-ర్యామ్‌తో దించింది. తూము వెడల్పే, కానీ ఎదురుచూపు ఎక్కువ, ధర మరీ ఎక్కువ. జనం కొనలేదు. 2001లోనే ఇంటెల్ పాత ఎస్‌డీ-ర్యామ్‌తో నడిచే 845 చిప్‌సెట్ తేవాల్సొచ్చింది.

2021 నవంబరులో అలాంటిదే ఇంకోటి జరిగింది. ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు డీడీఆర్4, డీడీఆర్5 రెండింటితోనూ పనిచేశాయి. ప్రాసెసరు అదే, ర్యామ్ మాత్రం వేరు. ఇంతకన్నా మంచి పరీక్ష ఏముంటుంది? మొదట్లో వచ్చిన డీడీఆర్5-4800, సీఎల్ 40 లెక్కేస్తే 16.7 నానోసెకన్లు. మంచి డీడీఆర్4 పక్కన పెడితే చాలా గేముల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. 2022 ఏప్రిల్లో ఏఎండీ ఇంకో దారి చూపించింది. రైజెన్ 7 5800ఎక్స్3డీ కేవలం డీడీఆర్4తోనే నడుస్తుంది. కానీ అందులో 96 ఎంబీల ఎల్3 కాష్ ఉంది. డీడీఆర్5తో నడిచే ఖరీదైన ప్రాసెసర్లకి గేముల్లో దీటుగా నిలబడింది. తూము జోలికి పోకుండా బావి పెద్దది తవ్వారన్నమాట!

అలాగని పాత ర్యామ్ ఎప్పుడూ అడ్డం కాదని అనను. ఇప్పటి డీడీఆర్5 సీఎల్ తగ్గి బాగా పదునెక్కింది. మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని, తక్కువ రిజల్యూషన్‌లో వందల ఫ్రేములు కావాలనుకునేవాళ్ళకి తేడా తెలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్లో ఉన్న గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. ఎందుకంటే బొమ్మ గీయడానికి కూడా ఆ ర్యామే దిక్కు. అక్కడ తూము వెడల్పే ముఖ్యం. మామూలు కార్డుతో మామూలుగా ఆడేవాళ్ళ కంప్యూటర్లో మాత్రం చాలాసార్లు ముందు అలిసిపోయేది ఆ కార్డే. దాని మెమరీ దానికి వేరే ఉంటుంది.

కాబట్టి సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకి బయల్దేరేముందు ఇంట్లోనే నాలుగు చూడండి. ఒకటి, గేము ఆడుతుండగా టాస్క్ మేనేజర్లో ర్యామ్ నిండిపోతోందా? నిండితే చోటు పెంచండి, పాత రకమే అయినా సరే. రెండు, ఒక్క స్టిక్కే ఉందా? రెండు స్టిక్కులు సరైన గాళ్ళలో పెడితే తూము రెట్టింపవుతుంది. మూడు, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేశారా? చేయకపోతే 3200 అని కొన్న ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ ఉండొచ్చు. ఇది పైసా ఖర్చు లేని పని. నాలుగు, గేములో రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు పెరిగితే గ్రాఫిక్స్ కార్డే అడ్డం, ర్యామ్ కాదు. పెరక్కపోతే అనుమానం ప్రాసెసరు మీదా ర్యామ్ మీదా పెట్టుకోవచ్చు.

ఈ నాలుగూ చూశాక కూడా ర్యామే దోషి అని తేలితే అప్పుడు మార్చండి. నాకు తెలిసి చాలామంది మొదటి మూడింటిలోనే ఆగిపోతారు.