పైపు పుట్టిన రాత్రి

రైవాడ జలాశయం పక్కనున్న దేవరాపల్లిలో మోటారు పైపు చేను చివరిదాకా అందకపోతే ఏం చేస్తారు? ఇంకో ముక్క తగిలిస్తారు. ప్రోగ్రాములనూ అలా ఒకదానికొకటి తగిలించుకునే వీలుండాలని 1964 అక్టోబరు 11న అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ ఒక నోట్ టైపు చేశారు. ఆయన చెప్పిన పోలికా తోటకు నీళ్లు పట్టే గొట్టమే.

అప్పటికి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టనే లేదు. 1969లో పుట్టాక కూడా ఒక కమాండ్ ఫలితాన్ని ఫైల్లో దాచి, దాన్ని రెండో కమాండ్‌కు అందించి, పనయ్యాక చెరిపెయ్యాల్సిందే. మెకిల్‌రాయ్ అడుగుతూనే ఉన్నారు. చివరికి 1973లో కెన్ థాంప్సన్ ఒక్క రాత్రిలో, ఒక కమాండ్ ఫలితాన్ని నేరుగా ఇంకోదానికి అందించే పైపును యూనిక్స్‌లో పెట్టేశారు. మర్నాడు అక్కడ అందరిదీ ఒకటే సందడి: ఉన్న కమాండ్లను కలిపి ఒంటి వరుసలు అల్లడం. కమాండ్లను కలపడానికి మొదట వాడిన గుర్తు చూడ్డానికి బాగుండేది కాదు. లండన్‌లో ఉపన్యాసం ఇవ్వాల్సొచ్చినప్పుడు, నలుగురిలో అది చూపించలేక థాంప్సన్ నిలువు గీతకు మారారు.

పైపుల బలం చూపే ఉదాహరణ ఒకటుంది. 1986లో జాన్ బెంట్లీ తన పత్రికా శీర్షిక కోసం కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్‌కు ఒక పని ఇచ్చారు: ఒక పాఠంలో ఎక్కువసార్లు వచ్చే మాటలేవో తేల్చాలి. నూత్ పేజీలకు పేజీలు ప్రోగ్రాం రాశారు. దాన్ని సమీక్షించిన మెకిల్‌రాయ్ పైపులతో కలిపిన ఆరు కమాండ్లతో సరిపెట్టారు. టీఆర్ వరుసకో మాట పేరుస్తుంది. ఇంకో టీఆర్ పెద్దక్షరాలను చిన్నవి చేస్తుంది. సార్ట్ ఒకే మాటలను పక్కపక్కకు చేరుస్తుంది, యూనిక్ లెక్కపెడుతుంది, మళ్లీ సార్ట్ పెద్ద లెక్కను పైకి తెస్తుంది, సెడ్ అడిగినన్ని వరుసలు చూపి ఆగిపోతుంది. ఎన్ని కావాలో వాడేవాళ్లే చెప్పేలా చోటు వదిలారు. ఫైల్లో దాచుకుంటే అదే స్క్రిప్టు. నిజానికి నూత్‌ను అడిగింది ఆయన ప్రోగ్రాం రచనా పద్ధతిని చూపించమని. కాబట్టి ఇది సరిజోడు పోటీ కాదు. అయినా రోజువారీ పనికి నా ఓటు ఆ ఆరు కమాండ్లకే.

తెలుగుకైతే రెండో మెట్టు అక్కర్లేదు. మనకు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు కదా! మొదటి మెట్టుకు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే తెలుసు గనక, ఖాళీ ఉన్నచోట విడగొట్టమని మార్చుకోవాలి. 1992లో అదే థాంప్సన్, రాబ్ పైక్‌తో కలిసి రూపొందించిన యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. ఆ బైట్లలో ఏదీ ఖాళీతో కలగలవదు, అందుకే మాట మధ్యలో తెగదు.

లినక్స్ కంప్యూటర్ దొరికితే ఈ కమాండ్లను ఏదైనా తెలుగు ఫైలు మీద నడిపి చూడండి. అన్నీ ఒకేసారి కొట్టకండి. ఒక్కో గీత చేర్చినప్పుడల్లా ఫలితం చూసుకుని ముందుకెళ్లండి.